మేకోంబ్ ప్లీడరుగారూ, మా నాన్నగారూ

ఈ సంచికకు ‘నాకు నచ్చిన పాత్ర’ అన్న శీర్షిక కింద ఏదైనా రాసివ్వమని మన పత్రికవారు కబురు చేశారు. ప్లీడరు కూతుర్ని కదా, సౌజన్యారావు పంతులుగారి గురించి రాస్తాననుకున్నారట. కన్యాశుల్కంలో ఆయన మంచివారే, కాదనను. కానీ సానివాళ్ళ మొహం చూడనని పట్టుపట్టిన ఆ పెద్దమనిషికి లోకమంటే ఏమిటో చెప్పడానికి మధురవాణి రావలసి వచ్చింది. నా మనసులో ఉండిపోయిన ప్లీడరు మన దేశంవాడు కాడు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో, మేకోంబ్ అనే ఊహాపట్టణంలో ఉంటాడు. పేరు ఆటికస్ ఫించ్. హార్పర్ లీ 1960లో ప్రచురించిన ‘టు కిల్ ఎ మాకింగ్ బర్డ్’ నవలలో ఆయన కథ ఉంది. ఆయన గురించి రాయాలంటే మా నాన్నగారి గురించి రాయకుండా కుదరదు. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

మాది బరంపురం. గిరిగారు పుట్టిన ఊరు. ఆయన తండ్రి జోగయ్య పంతులుగారు కూడా ఇక్కడ పేరున్న ప్లీడరే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, పాతకాలపు తెలుగు ప్లీడర్ల బీరువాల్లో మద్రాసు లా జర్నళ్ళు వరసగా ఉండేవి. మా తాతగారు కొన్నవి నాన్నగారి ఆఫీసు గదిలోనూ ఉండేవి. ఆ గదికి వీధి అరుగు మీదికి ఒక కిటికీ, లోపలి నడవలోకి ఒక కిటికీ. లోపలి కిటికీ దగ్గర కూర్చుని అన్నయ్యా నేనూ క్లయింట్ల మాటలు వినేవాళ్ళం. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఫీజు బదులు పనసకాయలు తెచ్చేవారు. వానాకాలంలో మొగలిపువ్వులు తెచ్చేవారు. అమ్మ వాటిని బట్టల పెట్టెలో వేసేది. ఆ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఆఫీసు గదే గుర్తొస్తుంది.

నేను 1972లో ఖల్లికోట కాలేజీలో ఎం.ఏ. చదువుతుండగా ఈ నవల చేతికొచ్చింది. మొదటి వంద పేజీలు చదివేసరికే, ఇది మా ఇంటి కథలా ఉందేమిటి అనిపించింది. తల్లి లేని ఇద్దరు పిల్లలు, జెమ్, స్కౌట్. యాభైకి దగ్గరపడుతున్న తండ్రి, తోటి పిల్లల తండ్రుల్లా బంతాటలు ఆడడు, వేటకు వెళ్ళడు, సాయంత్రమైతే పేపరు పట్టుకుని కూర్చుంటాడు. కన్నింగ్‌హామ్ అనే రైతు ఫీజు ఇచ్చుకోలేక వంటచెరకు, గింజలు, ఆకుకూరలు తెచ్చి పెరట్లో పెట్టి వెళతాడు. మా పనసకాయలే కదా అనుకున్నాను. కథ చెప్పేది స్కౌట్. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటూ చెబుతుంది.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం రెండు ముక్కలు. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు మాయెల్లా యూయెల్ అనే తెల్లపిల్లను చెరిచాడని కేసు. 1930లలో, ఆ దేశపు దక్షిణాన, అలాంటి కేసులో నల్లవాడి మీద ఆరోపణ వచ్చిందంటే తీర్పు ముందే రాసి ఉన్నట్టు. న్యాయమూర్తి టేలర్ ఆ కేసు వాదించమని ఆటికస్‌కు అప్పగిస్తాడు. పేరుకు ఒక ప్లీడరును పెట్టామనిపించుకోవడానికి కాకుండా, ఆటికస్ నిజంగానే వాదిస్తాడు. ఊరికి కోపం అందుకే.

పిల్ల కుడి ముఖం మీద దెబ్బలున్నాయని షరీఫు చేతే చెప్పిస్తాడు. ఆ తరువాత ఆ పిల్ల తండ్రి బాబ్ యూయెల్ చేతికి కలమిచ్చి పేరు రాయమంటాడు. అతను ఎడమచేత్తో రాస్తాడు. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తిమరలో నలిగి పనికిరాకుండా పోయింది. ఇంత స్పష్టంగా ఉన్నా జ్యూరీ టామ్‌ను దోషి అనే అంటుంది. కాకపోతే ఆ మాట అనడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ ఊళ్ళో అదే పెద్ద విశేషం. ఆ తరువాత జైలు కంచె ఎక్కి పారిపోబోయాడని టామ్‌ను కాపలావాళ్ళు కాల్చేస్తారు. ఒంట్లో 17 గుళ్ళు.

ఈ పాత్రను మెచ్చుకునేవాళ్ళు ఎక్కువగా ఆ కోర్టు ప్రసంగాన్నే తలుచుకుంటారు. 1962లో వచ్చిన సినిమాలో గ్రెగరీ పెక్‌కు ఆస్కార్ వచ్చిందీ ఆ పాత్రకే. నాకు మాత్రం కోర్టు బయట ఆటికస్ ఎక్కువ ఇష్టం. డ్యూబోస్ అనే ముసలావిడ వీధరుగు మీద కూర్చుని, వెళుతున్న పిల్లల్ని ఆపి మరీ వాళ్ళ తండ్రిని నోటికొచ్చినట్టు తిడుతుంది. ఆటికస్ మాత్రం రోజూ టోపీ తీసి, ఆవిడ కులాసా అడిగి వెళతాడు. జెమ్ ఒళ్ళుమండి ఆవిడ పూలమొక్కలన్నీ విరిచేస్తే, నెలరోజులు వెళ్ళి ఆవిడకు పుస్తకం చదివి వినిపించమని పంపుతాడు. ఆవిడ పోయాక గాని పిల్లలకు సంగతి చెప్పడు. రోగం బాధకు అలవాటైన మార్ఫీనును చచ్చిపోయేలోగా వదిలించుకోవాలని ఆ ముసలావిడ ఒంటరిగా పోరాడిందట. తనను అంత తిట్టిన మనిషిలో ధైర్యాన్ని చూసి, దాన్ని కొడుక్కు చూపించాడు. ఇది ప్లీడరీలో నేర్చుకునే విద్య కాదు.

మాయెల్లా విషయమూ అంతే. బోనులో ఆ పిల్ల అబద్ధమాడుతోందని ఆయనకు తెలుసు. ఆ అబద్ధం ఒక మనిషి ప్రాణం తీస్తుందనీ తెలుసు. అయినా ఎంతో మర్యాదగా పలకరిస్తాడు. పుట్టి బుద్ధెరిగాక తనను అలా పిలిచినవాళ్ళు లేక, వెటకారం చేస్తున్నాడనుకుని ఆ పిల్ల ఏడుస్తుంది! చెత్తకుప్ప పక్కన గుడిసె, తాగుబోతు తండ్రి, ఒక సంతు తమ్ముళ్ళు చెల్లెళ్ళు. ఆ ముష్టి పెరట్లో రంగూడిన పాత డబ్బాల్లో ఎర్రటి జెరేనియం పూలు పెంచుకుంటుంది. ఆ పూల సంగతి రచయిత్రి ఊరికే రాయలేదు. అబద్ధాన్ని బద్దలు కొట్టాలి, అబద్ధమాడిన మనిషిని మాత్రం కొట్టకూడదు. ఆటికస్ ఈ రెండిటినీ ఒకేసారి చెయ్యబోయి సగమే చెయ్యగలిగాడని నాకు అనిపిస్తుంది. తరువాత బాబ్ యూయెల్ నడిబజారులో ఆయన ముఖాన ఉమ్మేస్తే, ఇంట్లో ఆ పిల్లకు ఒక దెబ్బ తప్పితే ఇది తనకు సమ్మతమేనన్నట్టు మాట్లాడి ఊరుకుంటాడు.

పుస్తకం పూర్తిచేసి నేను నాన్నగారికి ఇచ్చాను. ఇందులో నా దురుద్దేశం కొంత ఉంది. అది చెప్పాలంటే 1966లోకి వెళ్ళాలి.

మా వీధిలో ఒక బట్టల షావుకారుగారు ఉండేవారు. మనవాళ్ళే. శ్రీరామనవమి పందిరికి పెద్ద చందా ఆయనదే. అద్దె దావాలన్నీ నాన్నగారే చూసేవారు. వాళ్ళింట్లో నీళ్ళు తోడడానికి పదిహేడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాళ్ళ అమ్మ మాకు పిడకలు తెచ్చి వేసేది. ఒకరోజు షావుకారుగారి ఇంట్లో కాసులపేరు కనబడలేదు. సాయంత్రానికి కుర్రాణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. మర్నాడు పొద్దున్నే ఆ తల్లి మా అరుగు కింద నిలబడింది. లోపలి కిటికీ దగ్గర నేనున్నాను. అప్పటికి నాకు పదమూడేళ్ళు.

“ప్లీడరు బాబూ, మా వోడు అలాంటోడు కాడు బాబూ. మీకు తెలీదా? మీ కళ్ళ ముందరే పెరిగాడు.”

నాన్నగారు ఆవిణ్ణి పైకి రమ్మని కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు. అమ్మ చేత మజ్జిగ ఇప్పించారు. షావుకారు తన క్లయింటు కాబట్టి ఈ కేసులో తను నిలబడకూడదని నెమ్మదిగా చెప్పి, ఒక జూనియరు పేరు చెప్పి, పది రూపాయలు చేతిలో పెట్టారు. ఆవిడ ఆ నోటు వంక చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. కుర్రాడికి మూడు నెలలు శిక్ష పడిందని తరువాత తెలిసింది. ఆవిడ మళ్ళీ మా వీధిన రాలేదు. అమ్మ వేరే మనిషి దగ్గర పిడకలు కొనడం మొదలుపెట్టింది. ఆ కుర్రాడు తీశాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ పది రూపాయల నోటు మాత్రం నా మనసులో ఉండిపోయింది. పుస్తకం ఇచ్చినప్పుడు నా చేత్తో ఆ నోటునే తిరిగి ఇస్తున్నట్టుగా ఉంది నాకు.

నాన్నగారు పదకొండు రాత్రులు చదివారు. ఇంగ్లీషు నవలలు చదివే అలవాటు లేదు, కేసుకట్ట చదివినట్టు పెన్సిలు పట్టుకుని చదివారు. ఒకరోజు పొద్దున్న కాఫీ తాగుతూ మొదలుపెట్టారు. “షరీఫు ముందు ఎడమ అన్నాడు చూశావా? తరువాత కాదు కుడి అని దిద్దుకున్నాడు. అక్కడే కేసంతా ఉంది. బాగా పట్టాడు.” డాక్టరును ఎందుకు పిలవలేదని ఆ షరీఫును అడగడం కూడా ఆయనకు నచ్చింది. జైలు ముందు రాత్రి గుంపు వచ్చినప్పుడు, స్కౌట్ ఆ గుంపులో కన్నింగ్‌హామ్‌ను గుర్తుపట్టి పేరు పెట్టి పలకరించి, వాళ్ళబ్బాయి కులాసా అడగ్గానే ఆ మనిషి సిగ్గుపడి గుంపును మళ్ళించుకు పోతాడు కదా, అది చెబుతూ నవ్వారు. “గుంపుకు పేరుండదమ్మా. ఆ పిల్ల పేరు పెట్టి పిలిచేసరికి వాడు మళ్ళీ మనిషైపోయాడు.”

చివరి ఘట్టం మీద మాత్రం ఆయనకు అభ్యంతరం. పిల్లల మీద పడ్డ బాబ్ యూయెల్ చచ్చిపోతాడు. చంపింది ఇంట్లోంచి బయటకు రాని బూ రాడ్లీ. కొడుకే చంపాడనుకున్నంతసేపూ ఆటికస్ కప్పిపుచ్చడానికి ససేమిరా ఒప్పుకోడు, అంతా కోర్టులో తేలాలంటాడు. సంగతి అర్థమయ్యాక, వాడే కత్తి మీద పడ్డాడన్న షరీఫు మాటకు తల ఊపుతాడు. ఎవరికీ హాని చెయ్యకుండా పాడుకునే పిట్టను చంపడం పాపమని పిల్లలకు ముందే చెప్పి ఉంటాడు. ఆ మాటను స్కౌట్ ఇక్కడ తండ్రికి అప్పజెబుతుంది. “మరి చట్టం ఏమైంది?” అన్నారు నాన్నగారు. దయ చూపించడానికే చట్టాన్ని పక్కన పెట్టాడు కదా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

తరువాత అన్నారు: “ఈయనకు కేసు జడ్జీ ఇచ్చాడు. వద్దనడానికి వీల్లేదు. ఇచ్చాక ప్రాణం పెట్టి చేశాడు, అది గొప్పే. ఫిర్యాదీ ఆయన క్లయింటు కాడు.” గ్లాసు కింద పెట్టి లేచి, గుమ్మం దగ్గర ఆగారు. “ఆవిడ వచ్చిన రోజున నువ్వు కిటికీ దగ్గరున్నావు కదూ?”

ఉన్నానన్నాను. “పది రూపాయలు ఇవ్వకుండా ఉండవలసింది,” అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. 1991లో ఆయన పోయారు. ఆ పుస్తకం ఆయన పెన్సిలు గీతలతో నా దగ్గరే ఉంది. గీతలన్నీ సాక్షుల విచారణ దగ్గరే. చివరి పేజీల దగ్గర ఒకే ఒక ప్రశ్నార్థకం.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఆటికస్‌ను నమ్మి పిల్లలకు చెప్పాను. ఆయన మీద విమర్శలు లేకపోలేదు. మన్రో ఫ్రీడ్‌మన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1992లోనే గట్టిగా అడిగాడు: ఆటికస్ శాసనసభలో ఉన్నాడు, ఆ ఊళ్ళో నల్లవాళ్ళకు జరుగుతున్న అన్యాయం రోజూ చూస్తున్నాడు, కోర్టు నెత్తిన పెట్టేదాకా తనంతట తాను చేసిందేమిటి? అప్పట్లో ఈ ప్రశ్న చదివి చిరాకుపడ్డాను. ఇప్పుడు అంత చిరాకు లేదు. కోర్టు హాలులో బాల్కనీలో కూర్చున్న నల్లవాళ్ళు, ఓడిపోయి వెళుతున్న ఆటికస్ వెళ్ళేటప్పుడు లేచి నిలబడతారు. చదివినప్పుడల్లా నా కళ్ళు చెమ్మగిల్లే చోటు అది. కానీ వాళ్ళు ఆ బాల్కనీలోనే ఎందుకు కూర్చోవాలని ఆటికస్ అడిగినట్టు పుస్తకంలో లేదు.

2015లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ వచ్చింది. నిజానికి అదే ముందు రాసిన ప్రతి, 1950లలోనిది. ప్రచురణకర్తల సంపాదకురాలు టే హోహాఫ్ తిరగరాయమంటే, తిరగరాయగా తిరగరాయగా ‘మాకింగ్ బర్డ్’ అయింది. ఆ పాత ప్రతిలో ఆటికస్ డెబ్భై రెండేళ్ళ ముసలివాడు. నల్లవాళ్ళకు సమాన హక్కులు రాకూడదనే పెద్దమనుషుల సభలో కూర్చుని ఉంటాడు. పెరిగి పెద్దదైన స్కౌట్, చిన్నప్పుడు విచారణ చూసిన అదే బాల్కనీ మీద నుంచి తండ్రిని అక్కడ చూసి, బయటకు వచ్చి వాంతి చేసుకుంటుంది. నాన్నను నువ్వు దేవుణ్ణి చేసుకున్నావని బాబాయి చివాట్లు పెడతాడు. చాలామంది ఈ పుస్తకం రాకుండా ఉంటే బాగుండేదన్నారు. నేనూ కొని రెండు నెలలు విప్పలేదు. విప్పాక మాత్రం, ఆ సభలో కూర్చున్న ముసలాయన నాకు బాగా తెలిసినవాడిలాగే ఉన్నాడు. రాత్రి పేపరు చదివే తండ్రీ ఆయనే, అక్కడ కూర్చున్నదీ ఆయనే.

హార్పర్ లీ తండ్రి కూడా ప్లీడరే. 1919లో హత్యానేరం మోపబడ్డ ఇద్దరు నల్లవాళ్ళ తరఫున వాదించాడు. ఇద్దరినీ ఉరితీశారు. ఆ తరువాత ఆయన క్రిమినల్ కేసు ముట్టుకోలేదంటారు. కూతురు నవలలో ఆ ప్లీడరుకు మళ్ళీ ఒక కేసు ఇచ్చింది. ఇది చదివినప్పుడు నాన్నగారు గుమ్మం దగ్గర ఆగి అన్న మాట గుర్తొచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే పత్రికకు సరిపోయే వ్యాసమే. కానీ తండ్రి సంగతి రాసి నా సంగతి దాచుకుంటే బాగుండదు.

2019లో మేముండే అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తువాళ్ళ సెల్‌ఫోన్ పోయింది. ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయే మా ఇంట్లోనూ ఆరేళ్ళుగా చేస్తోంది. నా మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు రాత్రిళ్ళు కూడా ఉంది. ఇంటి తాళాలు ఆమె దగ్గరే ఉండేవి. ఆదివారం మీటింగు పెట్టారు. పోలీసుల దాకా ఎందుకు, ఆమెను గేటు లోపలికి రానివ్వకపోతే సరిపోతుందన్నారు ఒకరు. దయగల పరిష్కారమనే అందరూ అన్నారు. ఆమెను పిలిచి అడుగుదామన్నవాళ్ళు లేరు. తీర్మానంలో ‘పనిమనిషి’ అని రాశారు. పేరు ఎవరూ అడగలేదు. నాకు తెలుసు. నా నోటి చివరదాకా వచ్చింది. పుస్తకం నా దగ్గర దిగుతూ ఉంటే, టీ చల్లారిపోతోందని ఎవరో అంటుంటే, నేను సంతకం పెట్టాను. నేను ప్లీడరును కాను, అవతలివాళ్ళు నా క్లయింట్లూ కారు. నాన్నగారికి ఉన్న సాకు నాకు లేదు.

ఆ నెలలో ఆమె పనిచేసిన పదకొండు రోజుల జీతం నా దగ్గర ఉండిపోయింది. వాచ్‌మన్ చేత పంపిద్దామనుకున్నాను. పది రూపాయల నోటు గుర్తొచ్చి ఆగాను. నేనే వెళ్ళి ఇవ్వాలనుకుంటూ ఏడు వారాలు గడిపాను. చివరికి రిక్షా కట్టించుకుని వాళ్ళ బస్తీకి వెళ్ళాను. రేకుల తలుపుకు తాళం. పక్కింటి ముసలావిడ సగం ఒడియా, సగం తెలుగులో చెప్పింది, మొగుడికి మరమగ్గాల మీద పని దొరికిందని పిల్లలతో సహా సూరత్ వెళ్ళిపోయారట. మా గంజాం నుంచి సగం బస్తీలు సూరత్‌లోనే ఉన్నాయి, ఎక్కడని వెతకను? వస్తే ఏమని చెప్పమంటారు అని అడిగింది ఆవిడ. నా పేరు చెప్పాను. ఆమె పేరూ చెప్పాను, రెండుసార్లు.

డబ్బు కవరులో పెట్టి, మీద ఆమె పేరు రాసి, నాన్నగారు గీతలు గీసిన పుస్తకంలో ఉంచాను. చివరి పేజీల్లో ఆ ప్రశ్నార్థకం ఉన్న చోటే ఉంది. కవరు లావుకు పుస్తకం సరిగా మూసుకోదు.